కోడలు నిలబెట్టిన మూలపురుషుడు

శాతవాహనులంటే మనకు వెంటనే గుర్తుకు వచ్చే పేరు గౌతమీపుత్ర శాతకర్ణి. ఆయన పేర 2017లో సినిమా కూడా వచ్చింది గనుక పిల్లలకు సైతం ఆయన పరిచితుడే. తరువాత గాథాసప్తశతిని కూర్చిన హాలుడు. ఆపైన శాలివాహన శకం పుణ్యమా అని పంచాంగం తిప్పే ప్రతివారికీ ఆ వంశం పేరు ఏదో ఒక రూపంలో చెవిని పడుతూనే ఉంటుంది. కాని ఆ వంశానికి పునాది వేసిన వాడెవరు అని అడిగితే, పాఠ్యపుస్తకం చదివిన పిల్లవాడు “శ్రీముఖుడు” అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు. రెండవ మాట చెప్పమంటే చెప్పలేడు. పిల్లవాడిని అనవలసిన పని లేదు. పుస్తకం కూడా అంతకంటె ఎక్కువ చెప్పదు.

నేను కళాశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. చరిత్ర నా శాఖ కాదు. అయినా ప్రాకృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలను గురించి పాఠం చెప్పేటప్పుడు శాతవాహనుల ఊసు తప్పదు. అలా ఒకసారి చెబుతూ ఉంటే, ముందు బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి లేచి, “శ్రీముఖుడంటే అందమైన ముఖం కలవాడనా అండీ?” అని అడిగింది. ప్రశ్న చిన్నదే. జవాబు కోసం బయలుదేరితే మాత్రం దారి పురాణాల మీదుగా, కథల మీదుగా, సహ్యాద్రి కొండల మీదుగా పోయి, చివరకు మన గోదావరి ఒడ్డునే తేలింది. ఆ ప్రయాణంలో నాకు దొరికిన మనిషిని పాఠకులకు పరిచయం చేయాలని ఈ వ్యాసం.

ముందు పురాణాలు ఏమంటున్నవో చూద్దాం. మగధను ఏలిన కాణ్వ వంశపు చివరి రాజు సుశర్మ. అతనిని చంపి, శుంగుల బలంలో మిగిలినదాన్ని కూడా తుడిచివేసి ఒక ఆంధ్రుడు రాజ్యం చేపట్టాడనీ, 23 ఏళ్ళు ఏలాడనీ, అతని తరువాత తమ్ముడు కృష్ణుడు రాజయ్యాడనీ చెబుతాయి. బాగానే ఉంది. అతని పేరేమిటి? మత్స్యపురాణం శిశుకుడంటుంది. వాయుపురాణం సింధుకుడంటుంది. బ్రహ్మాండ పురాణంలో ఛిస్మకుడు. విష్ణుపురాణంలో శిప్రకుడు. భాగవతం అసలు పేరే చెప్పక, సుశర్మకు భృత్యుడైన ఒక బలవంతుడు, వృషలుడు అని సరిపెట్టింది. ఒక మహావంశానికి మూలపురుషుడైన వాని పేరు వ్రాతగాళ్ళ చేతుల్లో పడి ఇన్ని రూపులు మారింది! శ్రీముఖుడన్నది ఈ పురాణాలు చెప్పిన పేరు కాదు. ప్రాకృత రూపాన్ని చూచి, దానికి సంస్కృతంలో మూలం ఇలా ఉండి ఉంటుందని తరువాతి వారు దిద్దుకున్న పేరు. కాబట్టి అందమైన ముఖం సంగతి మనం పక్కన పెట్టవలసిందే.

పేరు సంగతి ఇలా ఉంటే కాలం సంగతి ఇంకా చిక్కు. పురాణాలే చెప్పిన లెక్క ప్రకారం మౌర్యులు 137 ఏళ్ళు, శుంగులు 112 ఏళ్ళు, కాణ్వులు 45 ఏళ్ళు ఏలారు. మొత్తం 294. మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 321 ప్రాంతంలో సింహాసనం ఎక్కాడు గనుక, అందులోనుంచి ఇవి తీసివేస్తే మన మూలపురుషుడు క్రీ.పూ. 27 ప్రాంతానికి వస్తాడు. ఇక మరొక లెక్క. మత్స్యపురాణం ఆంధ్ర రాజులు 460 ఏళ్ళు ఏలారంటుంది. ఆ వంశం క్రీ.శ. 225 ప్రాంతంలో అంతరించింది. అక్కడినుంచి వెనక్కి 460 ఏళ్ళు లెక్కబెడితే ఆయన క్రీ.పూ. 235 ప్రాంతానికి పోతాడు. ఇంటిలో ఇద్దరు పెద్దవాళ్ళు తాతగారి పుట్టిన ఏడు గురించి వాదించుకుంటే పదేళ్ళ తేడా వస్తుందేమో. ఇక్కడ తేడా రెండు వందల ఏళ్ళు! వాయుపురాణం ఏకంగా ఆ 460ని 300కు కుదించివేసింది. పాత పాఠ్యపుస్తకాలు ఎక్కువగా రెండవ కాలాన్నే పట్టుకున్నవి. శాసనాల లిపిని, నాణేలను ఆధారం చేసుకున్న ఇటీవలి పండితులలో ఎక్కువమంది క్రీ.పూ. మొదటి శతాబ్దం వైపు మొగ్గుతున్నారు.

పురాణాలను వదలి కథల దగ్గరకు వస్తే, అక్కడ రంగులకు లోటు లేదు. కథాసరిత్సాగరంలో సాతుడనే యక్షుడు సింహరూపంలో తిరుగుతూ ఉంటాడు. ఆ సింహం మీద ఎక్కి ఆడుకుంటున్న బాలుణ్ణి ఒక రాజు చూచి తెచ్చుకుని పెంచుకుంటాడు. సాతుని వాహనంగా చేసుకున్నవాడు గనుక శాతవాహనుడయ్యాడు. జైనుల కథలో అతడు పైఠానులో ఒక కుమ్మరి ఇంట పెరుగుతాడు. మట్టితో ఏనుగులను, గుర్రాలను, భటులను చేసి ఆడుకునే ఆ పిల్లవాడికి యుద్ధం వచ్చినప్పుడు ఆ మట్టిబొమ్మలే ప్రాణం పోసుకుని సైన్యమై నిలిచినవట. చెప్పుకోవడానికి ఎంతో బాగున్నవి. కాని గమనించండి, ఈ కథలన్నీ శాతవాహనుడు అన్న పేరు చుట్టూ అల్లుకున్నవే. వంశం పేరు కథలకెక్కింది గాని వంశకర్త పేరు కథలకెక్కలేదు. పురాణాలు చెడగొట్టాయి, కథలు మరచిపోయాయి. మరి ఆయన అసలు పేరు మనదాకా ఎలా వచ్చింది?

అది తెలియాలంటే నానేఘాటుకు పోవాలి. మహారాష్ట్రంలో పుణె జిల్లా జున్నరు పట్టణానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది ఆ కనుమ. పూర్వం కొంకణ తీరంలోని కల్యాణి, శూర్పారక రేవుల్లో దిగిన సరుకు ఆ కనుమ ఎక్కే జున్నరు మీదుగా పైఠానుకు పోయేది. కనుమ తలదగ్గర ఒక పెద్ద రాతికాగు ఉన్నది. బాటసారులు సుంకం నాణేలు అందులో వేసేవారని అక్కడివారు చెబుతారు. దాని దగ్గరలోనే కొండను తొలిచి చేసిన ఒక చతురస్రపు గది ఉన్నది. సెలవుల్లో ఒకసారి నేను ఆ గది చూడడానికి పోయాను. వానాకాలం మబ్బు లోయలోనుంచి పైకి లేచి గదిలోకి కూడా వస్తున్నది. లోపల మూడు గోడల వెంట రాతి అరుగులు. కుడి ఎడమ గోడల నిండా పెద్ద బ్రాహ్మీ అక్షరాలు. ఎదుట గోడన ఒకప్పుడు నిలువెత్తు విగ్రహాలు వరుసగా ఉండేవి. ఇప్పుడు లేవు. పాదాల ఆనవాళ్ళు మాత్రం మిగిలినవి. ఆ పాదాల పైన, తలలు ఉండవలసిన చోటికి మీదుగా, ఎవరి పేరు వారికి చెక్కి ఉన్నది.

వరుసలో మొదటి పేరు ఇది: “రాయా సిముక సాతవాహనో సిరిమాతో.” శ్రీమంతుడైన సిముక శాతవాహన రాజు అని అర్థం.

పురాణాలు ఇన్ని రకాలుగా తిప్పిన పేరు ఇక్కడ రాతిమీద తిన్నగా, తప్పు లేకుండా ఉన్నది. 1828 ప్రాంతంలో విలియం సైక్స్ అనే ఆంగ్ల సైనికోద్యోగి ఈ గదిని లోకానికి తెలియజేశాడు. తరువాత పండిట్ భగవాన్‌లాల్ ఇంద్రజీ ఆ అక్షరాలను ఓపికగా చదివాడు. 1883లో బ్యూలర్ పండితుడు శాసనాన్ని వివరంగా ప్రకటించాడు. అయితే ఈ గదిని సిముకుడు తొలిపించలేదు. ఆయన విగ్రహాన్ని ఆయన పెట్టించుకోలేదు. పెట్టించినది ఆ యింటి కోడలు నాగనిక అని ఎక్కువమంది పండితుల నిర్ణయం.

ఆ గోడను రాజవంశపు గోడగా కాక, మన యింటి హాలులో ఫోటోలు వరుసగా తగిలించిన గోడగా చూడండి. చాలా సంగతులు తెలుస్తాయి. మొట్టమొదట వంశకర్త సిముకుడు. ఆయన పక్కన దేవి నాగనిక, శ్రీ శాతకర్ణి మహారాజు. తరువాత కుమారుడు భాయ. ఆపైన మహారఠి త్రణకయిరుడు. చివర కుమారులు హకుసిరి, సాతవాహనుడు. ఈ మహారఠి ఎవరు? ఆమె కన్నతండ్రి అని పలువురు పండితుల ఊహ. మహారఠులంటే ఆ పశ్చిమ ప్రాంతంలో పలుకుబడి గల దొరలు. అత్తవారి పెద్దల వరుసలో పుట్టింటి పెద్దనుకూడా నిలబెట్టుకున్న గృహిణి ఎంత గట్టి మనిషో ఆడపడుచులున్న ఇళ్ళవారికి నేను చెప్పనక్కరలేదు. అందులో రాజనీతి కూడా ఉన్నది. ఆ ప్రాంతంలో శాతవాహనులు వేళ్ళూనడానికి ఈ వియ్యం ఎంత సాయపడిందో ఆ వరుసే చెబుతున్నది.

ఫోటోల గోడమీద ఉన్నవారిని గురించే కాదు, లేనివారిని గురించి కూడా ఆలోచించాలి గదా. సిముకుని తరువాత తమ్ముడు కృష్ణుడు ఏలాడని పురాణాలు చెప్పిన మాట ఉత్తది కాదు. నాసికులో ఒక గుహ శాతవాహన కులపు కన్హ రాజు కాలంలో తొలిచినట్లు అక్కడి శాసనమే చెబుతున్నది. కాని నానేఘాటు వరుసలో సిముకునికీ శాతకర్ణికీ నడుమ ఆ కృష్ణుడు లేడు. పురాణాల ప్రకారం శాతకర్ణి కృష్ణుని కొడుకు. అదే నిజమైతే, సొంత మామగారిని వదలి పెదమామగారిని నాగనిక మొదట నిలబెడుతుందా? నిలబెట్టదనీ, కాబట్టి శాతకర్ణి సిముకుని కొడుకేననీ, అన్న పోయాక పిల్లవాడు చిన్నవాడు గనుక తమ్ముడు గద్దె ఎక్కి ఉంటాడనీ కొందరు పండితులు అంటారు. ఒక విగ్రహం లేకపోవడం ఇంత కథ చెప్పగలదు.

ఇంతకూ ఆమె ఈ పని ఎందుకు చేసింది? పక్క గోడలమీది ఇరవై పంక్తుల శాసనం జవాబు చెబుతుంది. ధర్మునికి, ఇంద్రునికి, సంకర్షణ వాసుదేవులకు, చంద్రసూర్యులకు, యమ వరుణ కుబేర వాసవులకు నమస్కారంతో అది మొదలవుతుంది. తరువాత ఆ దంపతులు చేసిన యజ్ఞాల పట్టిక. అశ్వమేధం, రాజసూయం, గవామయనం, ఇంకా ఎన్నో. ఒక్కొక్క దానికి ఇచ్చిన దక్షిణల లెక్క: ఒకచోట 1,700 గోవులు, 10 ఏనుగులు, మరొకచోట 11,000 గోవులు, 1,000 గుర్రాలు, ఇంకొకచోట 24,400 కార్షాపణాలు. మన దేశంలో అంకెలు చెక్కి ఉన్న తొలి శాసనాలలో ఇది ఒకటి గనుక గణిత చరిత్రకారులు కూడా దీనిని కళ్ళకద్దుకుంటారు. ఆ యజ్ఞాల జాబితా నడుమ ఆమె తనను గురించి చెప్పుకున్న మాటలు నన్ను కట్టివేసినవి. మహారఠి కూతురు, వేదిసిరికి తల్లి, నెల్లాళ్ళు ఉపవాసాలు చేసినది, ఇంటనే ఉండి తపస్విని వలె బ్రతికినది, బ్రహ్మచర్యం పాటించినది.

ఈ మాటలనుబట్టి అప్పటికే భర్త గతించాడనీ, చిన్నవాడైన కొడుకు పక్షాన ఆమె రాజ్యం చూస్తున్నదనీ చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ స్థితిని ఊహించుకోండి. భర్త లేడు. కొడుకులు చిన్నవారు. రాజ్యం నిన్న మొన్నటిది. చుట్టూ సామంతులు, పొరుగు రాజులు. పిల్లల చేతినుంచి రాజ్యం జారిపోకుండా ఉండాలంటే ఏమి చేయాలి? ఈ రాజ్యం ఎవరి కష్టార్జితమో, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో లోకానికి కనబడేటట్లు చేయాలి. అందుకు ఆమె ఎంచుకున్న చోటు చూడండి. అంతఃపురం కాదు, గుడి కాదు. రోజూ వర్తకులు, ఎద్దులు, గాడిదలు, దేశదేశాల మనుషులు సుంకం కట్టి దాటే కనుమ. అక్కడ ఆగిన ప్రతివాడూ ముందు సిముకుణ్ణి చూడాలి, చివరకు ఈ కుమారులను చూడాలి. మూలపురుషుని విగ్రహం పిల్లల భవిష్యత్తు కోసం తల్లి వేసిన రాతిపునాది అని నాకు తోస్తుంది.

సరే, కోడలు చెప్పినది విన్నాం. ఆయన తన నోట తాను చెప్పుకున్నది ఏమైనా ఉందా? చాలాకాలం లేదనే అనుకున్నారు. 1970ల చివరలో తెలంగాణలో ఆ లోటు తీరింది. కరీంనగరం జిల్లాలో, ఇప్పటి జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల అని ఒక ఊరు. అక్కడి పాటిదిబ్బమీద స్థానిక చరిత్రాభిమానులు ఏరిన పాత నాణేలను డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివి ప్రకటించారు. తరువాత రాష్ట్ర పురావస్తుశాఖవారు తవ్వకాలు జరిపించారు. ఆ నాణేలమీద గోబద, నారన, కంవాయ, సామగోప అని ఇంతకుముందు ఎవరూ వినని పేర్లున్నవి. వాటితోపాటే “సిరి చిముక” అని, సాతవాహన శబ్దంతో కూడిన నాణేలూ దొరికినవి. ఈ చిముకుడే నానేఘాటు సిముకుడు అని ఎక్కువమంది ఒప్పుకున్నారు, కాదన్నవారూ ఉన్నారు.

ఔననుకుంటే ఎంత చక్కని బొమ్మ కనిపిస్తుందో చూడండి. గోదావరి ఒడ్డున చిన్న చిన్న దొరలు ఒకరి తరువాత ఒకరు తమ పేర నాణేలు వేసుకుంటున్నారు. వారి నడుమనుంచి లేచినవాడు చిముకుడు. పటం ముందు పెట్టుకుని వేలు కదపండి. కోటిలింగాల గోదావరి మీద. ఎగువన పైఠాను గోదావరి మీద. ఇంకా ఎగువన, తమ్ముడు కన్హుని పేరున్న నాసికు గోదావరి మీద. ఒక కుటుంబం ఏటికి ఎదురెక్కి, మూడు తరాల్లో పడమటి కనుమ అంచుదాకా పోయి, సముద్రపు రేవులకు పోయే దారిని చేతిలో పెట్టుకున్నది. మగధలో సుశర్మను చంపినవాడు ఇతడేనని పురాణాలు అనవచ్చు గాక. నాకు మాత్రం ఆ సింహాసనం కథకంటె ఈ ఏటి కథే ఎక్కువ నమ్మకంగా ఉన్నది.

ఇక్కడ ఒక పాత తగవు ఉన్నది. ఆయన తెలుగువాడా, మహారాష్ట్రుడా? నానేఘాటును, నాసికును చూపి వారు మావాడంటారు. పురాణాలు ఆంధ్రులన్నవి గదా అని, కోటిలింగాల చూడండి అని మనం మావాడంటాం. శాతవాహనులు తమ శాసనాల్లో ఎక్కడా తమను ఆంధ్రులని చెప్పుకోలేదు. వారు వ్రాయించినది ప్రాకృతం. రాష్ట్రాల సరిహద్దులు మనం నిన్న గీసుకున్నవి. నది మాత్రం నాసికు దగ్గర పుట్టి మనవైపు వచ్చి సముద్రంలో కలుస్తున్నది. ఆ ఒడ్డున పుట్టినవాణ్ణి నడుమకు కోసి పంచుకోవడం ఎందుకు? తగవులాడవలసినది ఆయన ఎవరివాడని కాదు, ఆయన గుర్తులను ఎవరు కాపాడుతున్నారని. నానేఘాటులో పాదాలే మిగిలినవి. కోటిలింగాల దాకా శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నీరు వచ్చి నిలిచింది. నీరు పొలాలకు కావలసిందే, ఎవరూ కాదనరు. కాని తవ్వి చూచినది కొద్ది, చూడవలసినది చాలా ఉండగా ఆ దిబ్బ అంచులను నీరు తాకుతున్నది.

శాతవాహన చరిత్రలో మరొక విశేషం చెప్పి ముగిస్తాను. మనకు బాగా తెలిసిన గౌతమీపుత్రుని పరాక్రమం కూడా ఆయన చెప్పుకున్నది కాదు. ఆయన పోయాక, మనుమడు పుళుమావి ఏలుబడి 19వ ఏట, తల్లి గౌతమీ బాలశ్రీ నాసికు గుహలో చెక్కించినది. మొదటి రాజును కోడలు నిలబెట్టింది. మహారాజును తల్లి నిలబెట్టింది. కత్తి పట్టినవారు గెలిచిన భూములు ఎవరెవరి పాలో అయినవి. రాయి చెక్కించిన ఇద్దరు ఇల్లాళ్ళు చెప్పిన మాట మాత్రం రెండు వేల ఏళ్ళుగా నిలిచి ఉన్నది.

మన యిళ్ళలో తద్దినం నాడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెప్పుకుంటాం. ఆపైన ఎవరో మనకు తెలియదు. నాగనిక గోడమీద ఉన్నవీ సరిగ్గా మూడు తరాలే. రాజుల ఇల్లయినా సామాన్యుల ఇల్లయినా జ్ఞాపకం అంతవరకే పోతుంది కాబోలు. అందుకే ఆమె తొందరపడి రాతికెక్కించింది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇది: “అమ్మా, ముఖం ఎలా ఉండేదో చెప్పడానికి విగ్రహానికి ముఖమే మిగలలేదు. పేరు కూడా సిముక, చిముక, శిశుక, సింధుక అని చెదరిపోయింది. కాని ఆ పేరుకు ముందు నాణెం మీద ఉన్న మాట ఒక్కటి చూడు. ‘సిరి’. శ్రీ అన్న సంస్కృతం ప్రాకృతంలో అలా అయింది. ఆ మాట రెండు వేల ఏళ్ళు దాటినా అరగలేదు, నలగలేదు. మన యిళ్ళలో ధాన్యం వస్తే సిరి, కోడలు కాలు పెడితే సిరి, ఆడపిల్లకు పేరు పెడితే సిరి.”

తరగతి అంతా నవ్వింది. ఎందుకా అని హాజరుపట్టీ చూచుకుంటే, ఆ అమ్మాయి పేరు సిరి.